ఎనిమిది మంచాల ఆసుపత్రి

ఆ రోజు మా అమ్మాయికి పోయినవి ముందు రాస్తాను. మొదటిది రక్తం. రెండు లీటర్ల పైమాటే అన్నారు డాక్టరమ్మ. అంతకంటే సరిగ్గా చెప్పలేమన్నారు, ఎందుకంటే కొంత నేల మీద, కొంత బట్టల్లో, కొంత అంబులెన్సులో ఉండిపోయింది. రెండోది గర్భసంచి. మూడోది పాలు. బిడ్డ పుట్టాక ఒక్క చుక్క పడలేదు, ఆ తరవాతా పడలేదు. నాలుగోది నలభై ఏడు గంటలు. అవి తనకి ఇప్పటికీ గుర్తు లేవు, ఆ గంటల్లో ఎవరు వచ్చారో ఎవరు ఏడ్చారో మేం చెప్తేనే తెలుసు. కుడి చెవి దుద్దు ఒకటి. ఎడమ చెవిది ఉంది. జుట్టు మూడో నెలలో మొదలై ఆరో నెల దాకా రాలింది, దాన్ని నేను కొలవలేదు. రెండో కాన్పులో మగపిల్లాడు పుడితే పెట్టాలని నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకున్న పేరు ఒకటి.

నాకు పోయినవి తక్కువే. ఒక స్టీలు క్యారేజీ, ఒక జత చెప్పులు. ఇంకొకటి ఉంది. సాయంత్రం పూట మా వీధి ఆడవాళ్లు చీటీలూ చిట్టాలూ పట్టుకొచ్చి, అక్కా ఈ లెక్క ఒకసారి చూసిపెట్టవా అనేవాళ్లు. అదీ ఆ రోజుతో పోయింది. వాళ్లు రావడం మానలేదు. నేనే చూడడం మానేశాను.

నేను చదివింది ఐదో తరగతి. మాది పొందూరు. మా అమ్మ రాట్నం వడికేది, ఆమె వెనకాల కూర్చుని నేను లెక్క నేర్చుకున్నాను. వెయ్యి మీటర్ల దారం ఒక చిలప. ఎన్ని చిలపలు ఎంత బరువు తూగితే నూలు ఎంత సన్నమో నోటితో చెప్పేదాన్ని. అది చూసే నూలు కొనే కేంద్రంలో నన్ను పనిలో పెట్టుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో ఆడవాళ్లు వడికి తెచ్చిన చిలపలు లెక్కపెట్టి, తూచి, రాయడమే నా పని. కట్ట పైన ఉన్న చిలపలు చూసి మోసపోయేదాన్ని కాదు. కట్ట విప్పి, మధ్యలోంచి ఒకటి లాగి, దాన్ని తూచేదాన్ని. ఎవరైనా ముతక నూలు కట్ట మధ్యలో దూర్చితే అక్కడే దొరికిపోయేది. వాళ్లు తిట్టుకునేవాళ్లు గానీ, నా తూకం తప్పని ఎవరూ అనలేదు.

అమ్మాయిది మొదటి కాన్పు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, అందులో రెండో మాట లేదు. అల్లుడు విజయనగరంలో మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. ఏడో నెలలో చీరా గాజులూ పెట్టి అమ్మాయిని తీసుకొచ్చుకున్నాం. తీసుకొచ్చిన రోజునే మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, గుమ్మంలో నిలబడి, కాన్పు మాత్రం టౌనులో పెద్దాసుపత్రిలోనే చేయించాలని చెప్పింది. నేను చూద్దాం అన్నాను. చూద్దాం అంటే ఏంటని అడిగింది. ఇక్కడ దగ్గర్లో మిషనువాళ్ల ఆసుపత్రి ఉందని, నేనూ అక్కడే పుట్టానని, నా ఇద్దరు పిల్లలూ అక్కడే పుట్టారని చెప్పాను.

"ఎనిమిది మంచాలున్నాది. దాన్ని ఆసుపత్రంతారేటి వదినా?"

మంచాలు లెక్కకాదు, సూసే మనుసులు లెక్క అన్నాను నేను.

"నీకు నూలు లెక్క తెలిస్తే తెలిసింది గానీ, కాన్పుల లెక్క కూడా తెలుస్తాదేటి?" అని నవ్వింది. వెటకారమే అయినా కోపంతో అన్నది కాదు. నేనూ నవ్వేశాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. తెలుస్తుందని చూపించాలనుకున్నాను.

రెండు ఆసుపత్రులకీ నేను విడివిడిగా వెళ్లాను. అమ్మాయిని స్కానింగుకి తీసుకెళ్లిన వంకతో పెద్దాసుపత్రిలో ఒక పగలంతా ఉన్నాను. చీటీ రాయించుకోడానికి గంటా పది నిమిషాలు. డాక్టరు దగ్గర వరసలో రెండు గంటలు. డాక్టరు చూసింది నాలుగు నిమిషాలు. కాన్పుల వార్డులో కొన్ని మంచాల మీద ఇద్దరేసి బాలింతలు, తలలు చెరోవైపు పెట్టుకుని పడుకున్నారు. లోపలికి తోడు రానివ్వరు. తల్లులంతా బయట వరండాలో ఫ్లాస్కులు పట్టుకుని కూర్చుని, తలుపు తెరిచినప్పుడల్లా లేస్తున్నారు. నేను ఉన్నంతసేపూ ఆ తలుపు ముప్పై ఒక్కసారి తెరుచుకుంది. పేరు పిలిచింది ఆరుసార్లు.

వార్డు గోడకి ఒక బోర్డు ఉంది. నెలలవారీ గడులు. కాన్పులు, మగ, ఆడ, ఆపరేషన్లు, చివర తల్లి మరణాలు. ఆ చివరి వరసలో అంకెలున్నాయి. ఎంతెంతో నేను చీటీ మీద రాసుకున్నాను, ఇప్పుడు ఇక్కడ రాయను. అవి వేరే ఇళ్లవాళ్ల అంకెలు.

తరవాత రెండు రోజులకి మిషను ఆసుపత్రికి వెళ్లాను. పెంకుల కప్పు తీసేసి స్లాబు వేశారు గానీ, లోపల అదే పొడవు గది, అవే ఎనిమిది మంచాలు. ఆరోజు మూడింటి మీదే మనుషులున్నారు. పక్కనే తల్లులు కూర్చుని పిల్లలకి పక్కగుడ్డలు మారుస్తున్నారు. డాక్టరమ్మ వారానికి రెండు రోజులు వస్తారు, మిగతా రోజులు ఫోన్లో ఉంటారు. కాన్పులు చేసేది సిస్టరమ్మ. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంది. మా చర్చిలోనే మూడో వరసలో కూర్చుంటుంది.

అక్కడా బోర్డు ఉంది. నల్ల బోర్డు మీద సుద్దముక్కతో రాసింది. కాన్పులు, మగ, ఆడ, పై ఆసుపత్రికి పంపినవి, తల్లి మరణాలు. చివరి వరసలో పన్నెండు నెలలకి పన్నెండు సున్నాలు. నేను ఒక్కో సున్నా మీదా వేలు పెట్టి చూశాను. ఎక్కడా చెరిపి మళ్లీ రాసిన జాడ లేదు. పంపినవి అన్న వరసలో ఒకటి, రెండు, ఒకటి, మూడు అని ఉన్నాయి. అవీ చూశాను. జాగ్రత్త ఉన్నవాళ్లు, వాళ్లకి చేతకానిది దగ్గర పెట్టుకోరు, పంపేస్తారు అనుకున్నాను. అది వాళ్లకి మంచి మార్కు కిందే వేశాను.

మా ఊళ్లో ఒక భయం ఉండేది. పెద్దాసుపత్రికి పోతే తిరిగి రారని. అంతకు రెండేళ్ల ముందు మా వెనక వీధిలో ఒకామె కాన్పులో పోయింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, పోయింది అని చెప్పుకున్నాం. ఊరంతా అలాగే చెప్పుకుంది, నేనూ అలాగే చెప్పాను. చీటీలో కుడిపక్క పెద్దాసుపత్రి, ఎడంపక్క మిషను ఆసుపత్రి అని గీత గీసి, ఒక్కోటీ రాసుకుంటూ పోయినప్పుడు, ఆమెను కూడా కుడిపక్కే వేశాను.

ఆ చీటీ మా ఆయన ముందు పెట్టాను. ఆయన తాపీ మేస్త్రి. గోడ వంకర కనిపెడతాడు గానీ కాగితం చూడడు.

"నువ్వు సూసినాక మరి నాను సూసేదేటుందే," అన్నాడు.

అమ్మాయి మంచం మీద కాళ్లు చాపుకుని, పొట్ట మీద పళ్లెం పెట్టుకుని తింటోంది. నీకెక్కడ కావాలో చెప్పమని అడిగాను. పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"నువ్వు లెక్కేసినావు గదే అమ్మా. మల్లీ నన్నడుగుతావేటి."

ఆ రాత్రే వియ్యపురాలికి ఫోన్ చేసి చెప్పాను. బోర్డు సంగతి, సున్నాల సంగతి అన్నీ చెప్పాను. చివరిదాకా వింది. తరవాత, మీ పిల్ల, మీ ఇష్టం అని పెట్టేసింది.

నొప్పులు ఒక బుధవారం తెల్లవారుజామున మొదలయ్యాయి. ఎనిమిది గంటలకి ఆటోలో తీసుకెళ్లాం. కాసేపు నడిపించమంటే, ఆ పొడవు గదిలో అమ్మాయి భుజం పట్టుకుని నడిపించాను. బోర్డు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చూశాను. కిందటి నెల గడి నిండింది. చివర సున్నా. పదమూడోది. అమ్మాయికి చూపించాను కూడా. నొప్పిలో ఉండి కూడా, నా చెయ్యి గిల్లి, ముందుకు నడిచింది.

పదకొండు పది నిమిషాలకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఏడుపు గట్టిగా ఉంది. మా ఆయన బయట నిలబడి, ఏటి పిల్ల, ఏటి పిల్ల అని అడుగుతుంటే ఆయమ్మ వెళ్లి చెప్పింది. మాయ పడింది. సిస్టరమ్మ దాన్ని పళ్లెంలో వేసి తిప్పి చూసి, ముక్క తెగలేదు, అంతా వచ్చేసింది అంది. నేను అమ్మాయి నుదురు తుడుస్తున్నాను. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. అంతా అయిపోయిందనుకున్నాను.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. సమయం తెలియకుండా నా జీవితంలో జరిగింది అదొక్కటే. సిస్టరమ్మ పొట్ట మీద చెయ్యేసి రుద్దుతూ ఉంది, రుద్దుతూనే ఉంది. ఆమె తెల్ల జోళ్ల వైపు నా చూపు పోయింది. అవి ఎర్రగా ఉన్నాయి. అడుగున కాదు, పైన. మంచం అంచు నుంచి కారుతోంది. బొట్లు కాదు, దారం. తెగకుండా.

సిస్టరమ్మ నా వైపు చూడకుండానే, మెల్లగా, చర్చిలో పక్కన కూర్చుని మాట్లాడినట్టు అంది.

"అక్కా, నువ్వు గోడ గడియారం సూసి నాకు టైం సెప్తా ఉండు. అయిదేసి నిమిసాలకి. ఇంకేటీ సూడొద్దు."

నేను చెప్పాను. పదకొండు నలభై. ఆమె ఒక ఇంజెక్షను ఇచ్చి టైం రాసుకుంది. పదకొండు నలభై అయిదు. సెలైన్ ఇంకోటి పెట్టింది. ఫోను భుజానికీ చెంపకీ మధ్య పెట్టుకుని డాక్టరమ్మతో మాట్లాడింది. పదకొండు యాభై. ఆయమ్మని 108కి ఫోన్ చెయ్యమంది. పదకొండు యాభై అయిదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉంది, ఆ పట్టు వదులైంది. చల్లగా ఉందే అమ్మా అంది. దుప్పటి కప్పమన్నారు. కప్పాను. పన్నెండు. పన్నెండు అయిదు. నా గొంతు నాకే వినపడుతోంది, రోజూ కేంద్రంలో చిలపలు లెక్కపెట్టే గొంతులాగే ఉంది. అందులో ఏ తేడా లేదు.

పన్నెండు ఇరవైకి బండి వచ్చింది. బిడ్డని ఆయమ్మ దగ్గర, మా ఆయన దగ్గర వదిలేశాం. సిస్టరమ్మ ఒక చెయ్యి లోపల పెట్టి, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి, రెంటి మధ్యా గర్భసంచిని నొక్కిపట్టి, అలాగే స్ట్రెచరు పక్కన వంగి నడిచి, అలాగే బండెక్కింది. చెయ్యి తియ్యలేదు. టౌనుకి ఇరవై రెండు కిలోమీటర్లు. రైలు గేటు దగ్గర ఆరు నిమిషాలు ఆగాం. గూడ్సు బండి. పెట్టెలు లెక్కపెట్టలేదు. మొత్తం యాభై ఒక్క నిమిషం ఆమె పిడికిలి వదల్లేదు. గతుకులొచ్చినప్పుడు ఆమె తల బండి గోడకి కొట్టుకునేది. ఒకసారి, చెయ్యి తిమ్మిరెక్కిపోయింది, కానీ వదిల్తే అయిపోతాది అంది. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

పెద్దాసుపత్రిలో మా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. సిస్టరమ్మ ముందే ఫోన్ చేసిందట. నేను మూడు గంటల పది నిమిషాలు వరసలో నిలబడ్డ ఆ ఆసుపత్రిలో, మమ్మల్ని ఒక్క క్షణం ఆపలేదు. స్ట్రెచరు చుట్టూ ఒకేసారి ఆరుగురు చేరారు. ఒకరు రక్తం తీశారు, ఒకరు సూది పెట్టారు, ఒకరు చీర కత్తిరించారు. నాలుగు నిమిషాలు చూసిందని నేను చీటీలో రాసుకున్న డాక్టరమ్మే, అమ్మాయి మీదకి వంగి, చెంప మీద తడుతూ, పేరు చెప్పమ్మా, నీ పేరు చెప్పు అని అడుగుతోంది. తలుపు మూసేశారు.

ఒక నర్సు వచ్చి, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగి, పెద్ద రిజిస్టరు తీసి రాసింది. చదవడం వచ్చా అంది. వచ్చన్నాను. అయితే ఇక్కడ సంతకం పెట్టమని పుస్తకం నా వైపు తిప్పింది.

బయటి నుంచి పంపించగా వచ్చిన వాళ్ల రిజిస్టరు అది. తేదీ, పేరు, వయసు, ఎక్కడి నుంచి పంపారు, ఏం జరిగింది. మా అమ్మాయిది చివరి వరస. పైన ఇంకో పదహారు వరసలున్నాయి. సంతకం పెట్టి ఊరుకోవాల్సింది. కానీ నా కళ్లు అలా ఊరుకోవు. మిషను ఆసుపత్రి పేరు ఆ పేజీలో మా అమ్మాయితో కలిపి మూడుసార్లు ఉంది. పై నుంచి ఐదో వరసలో ఉన్నామెకి ఇరవై రెండేళ్లు. తేదీ కిందటి నెలది. ఆ వరస చివర ఎర్ర సిరాతో మృతి అని రాసి, కింద గీత గీసి ఉంది.

కిందటి నెల. ఆ ఉదయం బోర్డు మీద నేను చూసిన గడి. పదమూడో సున్నా.

నర్సు పెన్ను ఇవ్వమని చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదట. మళ్లీ అడిగిందట. ఆ తరవాత ఆమే నా చేతిలోంచి తీసుకుంది.

ఆ వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డప్పుడు నాకు అర్థమైంది. మిషను ఆసుపత్రిలో ఎవరూ చనిపోలేదు. అది నిజం. చావు దగ్గరికి వచ్చినవాళ్లని బండెక్కించి ఇక్కడికి పంపారు. వాళ్లలో కొందరు ఇక్కడ చనిపోయారు, ఇక్కడి బోర్డు మీద పడ్డారు. ఇక్కడి అంకెలు ఇక్కడివి మాత్రమే కావు. చుట్టుపక్కల అన్ని చిన్న ఆసుపత్రుల సున్నాలూ ఇక్కడికొచ్చి అంకెలయ్యాయి. మా వెనక వీధి ఆమె కాన్పు కూడా మిషను ఆసుపత్రిలోనే అయింది. ఆ సంగతి నాకు తెలుసు. బిడ్డని చూడ్డానికి వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకెళ్లింది నేనే. అంత తెలిసీ ఆమెను తీసుకెళ్లి కుడిపక్క వేశాను. పంపినవి అన్న వరస నా కళ్లముందే ఉంది. కట్ట మధ్యలోంచి చిలప లాగి తూచేదాన్ని, ఆ ఒక్క కట్ట మాత్రం విప్పలేదు. పైన ఉన్నది చూసి తీసేసుకున్నాను.

డాక్టరమ్మ బయటికి వచ్చింది. మందులకి ఆగడం లేదు, గర్భసంచి తీసెయ్యాలి, లేకపోతే మనిషి దక్కదు అని చెప్పింది. భర్త ఏడి అంది. విజయనగరం నుంచి వస్తున్నాడు, ఇంకో అరగంట పడుతుందన్నాను.

"అరగంట లేదమ్మా."

ఎంత ఉంది అని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, కాగితం నా చేతిలో పెట్టింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల గర్భసంచి తియ్యడానికి నేను సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఆ రోజూ అలాగే ఉంది.

అల్లుడు వచ్చేసరికి ఆపరేషను జరుగుతోంది. నేను చెప్పింది విని, గోడ పక్కన కింద కూర్చుండిపోయాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది. అత్తా, బతుకుతాదా అని అడిగాడు. ఏమో బాబూ అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్పటికి ఎవరికీ తెలియదు. వియ్యపురాలు వెనకే వచ్చింది. వస్తుంది, నాలుగు మాటలంటుంది, అంటే బావుణ్ణు అనుకున్నాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. అమ్మాయిని ఐసీయూలోకి మార్చారని తెలిశాక, కొంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు అంది.

"వదినా, ఇంక నువ్వు ఎవులకీ లెక్కలు సెప్పకు."

తిట్టినట్టు అనలేదు. మందు వేసుకోమన్నట్టు అంది.

అమ్మాయి మూడో రోజు కళ్లు తెరిచింది. ముందు పిల్ల ఏదని అడిగింది. గర్భసంచి సంగతి అల్లుడే చెప్పాడు. నేను బయట నిలబడ్డాను. లోపల నుంచి ఏ చప్పుడూ రాలేదు. ఏడిస్తే లోపలికి వెళ్దామని చాలాసేపు ఉన్నాను.

డాక్టరమ్మని అడిగాను, మొదటే ఇక్కడికి తెచ్చి ఉంటే గర్భసంచి దక్కేదా అని. చెప్పలేం అంది. ఇక్కడ రక్తం ఉంది, థియేటరు ఉంది, దక్కేదేమో. ఇక్కడా దక్కనివి ఉన్నాయి. కానీ దారిలో ఆ సిస్టరు చెయ్యి తీసి ఉంటే మనిషి మాత్రం దక్కేది కాదు, అది చెప్పగలను అంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి నేను ఎన్నిసార్లో చూశాను. కూడితే ఏమీ రాదు. తీసేస్తే ఏమీ మిగలదు.

నెల తరవాత మిషను ఆసుపత్రికి వెళ్లాను. కోపంతో వెళ్లానో దండం పెట్టడానికి వెళ్లానో నాకే తెలియదు. సిస్టరమ్మ కుడి మణికట్టుకి ఇంకా పట్టీ ఉంది. బోర్డు ముందు నిలబడి, కిందటి నెల గడిలో మా అమ్మాయి ఎక్కడుంది అని అడిగాను. పంపినవి వరసలో రెండు అని ఉన్నచోట వేలు పెట్టి చూపించింది.

మరి అంతకుముందు నెలలో పంపిన పిల్ల చనిపోయింది కదా, అక్కడ సున్నా ఎందుకుంది అన్నాను.

ఆమె వేలు ఆ సున్నా మీదికి జరిపింది. "ఇక్కడ పోయినోల్లనే అక్కడ రాయమన్నారక్కా. ఇక్కడ ఎవులూ పోలేదు." మళ్లీ తనే, "పంపినాక ఏటయిందో నాకూ సెప్పరు. నానే ఫోన్ సేసి కనుక్కుంటాను. ఆ పిల్లది తెలిసిన రోజు నాను తిన్లేదు," అంది.

నాకెందుకు చెప్పలేదని అడగబోయాను. నేను అడగలేదని గుర్తొచ్చింది. బోర్డు మీద వేలు పెట్టి చూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని వెళ్లిపోయాను ఆ రోజు. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేసిన మనిషి పదడుగుల దూరంలో ఉంటే, ఒక్క ప్రశ్న అడగలేదు. అంకె ఉండగా మనిషిని అడిగే అలవాటు నాకు లేదు.

పిల్లకి పాలపొడి నేనే కలిపేదాన్ని. ముప్పై మిల్లీలీటర్ల నీళ్లకి ఒక చెంచా, గీసినట్టు, గుట్టగా కాదు. ఒకరోజు అలా కలుపుతుంటే అమ్మాయి వెనక నుంచి అంది.

"నీ సున్నాలు సూసి నాను అక్కడికి రాలేదే అమ్మా. పెద్దాసుపత్రిలో నిన్ను లోపలికి రానివ్వరని సెప్పినావు. అందుకొచ్చినాను."

ఎన్ని చెంచాలు వేశానో మరిచిపోయి, ఆ పాలు పారబోసి మళ్లీ కలిపాను. తను నన్ను ఓదార్చడానికి అందా, నిజంగానే అందా, ఇప్పటికీ అడగలేదు. ఆ రోజు చీటీ పట్టుకుని తనని అడిగినప్పుడు, తోడు రానివ్వరు అన్న మాట మాత్రం నేను చదివి వినిపించాను. అది కుడిపక్క నాలుగో వరస.

ఇంక రక్తం సంగతి. అమ్మాయికి ఎక్కించింది ఏడు సంచులు. ఆ ఏడూ ముక్కూ మొహం తెలియని ఎవరెవరివో. బ్లడ్ బ్యాంకులో కూర్చునే ఆయన, వీలైతే మీ తరఫున దాతల్ని పంపండమ్మా, ఎవరో ఇస్తేనే మీకొచ్చింది అన్నాడు. బలవంతం లేదన్నాడు. ఎందరు అని అడిగాను. ఎందరైనా సరే అన్నాడు. ఏడుగురు అని నేనే చెప్పాను.

అల్లుడు ఆ రోజే ఇచ్చాడు. వాళ్లన్న మర్నాడు వచ్చి ఇచ్చాడు. రెండు. మా వైపు మగవాళ్లు రక్తం ఇవ్వడానికి భయపడతారు, నీరసం వస్తుందని, పని చెయ్యలేరని. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు లేచి అడిగారు. అందరూ కిందకి చూశారు. తరవాత ఇద్దరు కుర్రాళ్లు, ఒకడు ఎలక్ట్రీషియను, ఒకడు డిగ్రీ చదువుతున్నాడు, గేటు దగ్గర నన్ను ఆపి వస్తామన్నారు. నాలుగు. సిస్టరమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఇచ్చి వచ్చింది, బ్లడ్ బ్యాంకు ఆయన చెప్తే తెలిసింది. అయిదు. మా ఆయనకి బీపీ ఎక్కువుందని రెండుసార్లు తిప్పి పంపారు. మందులు వాడి మూడోసారి వెళ్లి ఇచ్చాడు. బిస్కెట్టు ప్యాకెట్టు ఇంటికి తెచ్చి మనవరాలి చేతిలో పెట్టాడు. ఆరు.

ఏడోది నాది. ఎవరూ ఇమ్మని అడగలేదు. వియ్యపురాలు నేనిస్తాను వదినా అంది, వద్దన్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు నా బరువు నలభై ఒకటి, రక్తం తొమ్మిది. నలభై అయిదు కిలోలుండాలి, రక్తం పన్నెండున్నర ఉండాలి అని చెప్పి పంపేశారు. ఇంత బరువు తక్కువని నాకు తెలియదు. అందరి చిలపలూ తూచాను గానీ నేనెప్పుడూ తూగలేదు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను. మునగాకు, బెల్లం, రాగిజావ, గుడ్డు. మూడు నెలలకోసారి బస్సెక్కి వెళ్తాను. నలభై రెండున్నర, తొమ్మిదిన్నర. నలభై మూడు, పది. మధ్యలో జ్వరమొచ్చి మళ్లీ నలభై ఒకటిన్నర. మనవరాలికి ఇప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. నాతో బస్సులో వస్తుంది, అక్కడి తూకం మిషనెక్కి గెంతుతుంది. బ్లడ్ బ్యాంకు ఆయన దాన్ని దించడు.

కిందటి నెల వెళ్లినప్పుడు నలభై అయిదుకి వంద గ్రాములు ఎక్కువే వచ్చాను. వేలు గుచ్చి చూశారు. పదకొండు పాయింట్ ఎనిమిది.

"అమ్మా, ఆ ఖాతా మేం ఎప్పుడో మూసేశాం. మీరేమీ ఇవ్వక్కర్లేదు," అన్నాడాయన.

ఆయన పుస్తకంలో మూసేసి ఉండొచ్చు. నేను మళ్లీ తేదీ రాయించుకుని వచ్చాను. ఏడింట్లో ఆరు పోగా, ఇవాళ్టికి ఇవ్వాల్సి ఉన్నది ఒక సంచి. మూడు వందల యాభై మిల్లీలీటర్లు.